చిరిగిన పేజీలు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుడి ఉత్తరం

తల్లిదండ్రులకు, ఇంటి పెద్దలకు నమస్కారం.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన కొత్తలో ఒక పిల్లవాడిని గట్టిగా మందలించాను. లెక్కల నోటుబుక్కు వెనకాల ఆరేడు పేజీలు చింపేసి ఉన్నాయి. ప్రార్థనకు రోజూ ఆలస్యం, మూడో పీరియడ్‌కల్లా బెంచీ మీద తల వాల్చేయడం, పైగా ఇదొకటి. "ఊరికే వస్తున్నయని చింపుతున్నవా?" అన్నాను. తల వంచుకుని నిలబడ్డాడే తప్ప జవాబు చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాళ్లింటికి పోయాను. చిరిగిన పేజీలు మంచం పక్క గోడకు అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి. స్కేలు పెట్టి గడులు గీశాడు. పొద్దున, పగటీలి, రాత్రి. 'తెల్లది 1', 'ఎర్రది అర', 'బువ్వ తిన్నంక'. వేసిన ప్రతి గోలీకి ఒక టిక్కు. లెక్కల పరీక్షలో ఇంత శుభ్రమైన పట్టిక నేనెప్పుడూ దిద్దలేదు.

మంచంలో వాళ్ల తాత. ఫ్లోరైడు గురించి ఈ నల్లగొండ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడనిది, మన మర్రిగూడ, నాంపల్లి వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లుండేది. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, మంచిదే. కానీ అప్పటికే బిగుసుకుపోయిన ఎముకలు మళ్లీ సడలవు. ఆ పెద్దాయన మెడ తిరగదు, మోకాళ్లు చాచలేడు. అమ్మానాన్న హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయి పదిహేను రోజులకోసారి వస్తారు. మనవడే గడ్డం గీస్తాడు, గటక జారుగా చేసి తాగిస్తాడు. "రాత్రి రెండు గంటలకోపారి పక్కకు తిప్పాలె సార్, లేకుంటే పుండ్లు పడతయన్నది ఏఎన్‌ఎం అక్క" అన్నాడు. వాడు మూడో పీరియడ్‌లో ఎందుకు నిద్రపోతున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

ఇది వాళ్లిద్దరినీ అడిగే రాస్తున్నాను. తాతైతే "పేరు గూడ రాయి సారూ" అన్నాడు. నేనే రాయలేదు.

తర్వాత హాజరు పట్టీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒకమ్మాయికి మంగళ, గురు, శనివారాలే గైర్హాజరు. వాళ్లమ్మకు డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కో విడత నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలో చికిత్సకు డబ్బులు కట్టే పని లేదు, ఆడవాళ్లు కనుక ఇద్దరికీ బస్సు టికెట్టూ లేదు. కానీ నల్లగొండ పోయి వచ్చేసరికి పొద్దుగూకుతుంది, తల తిరిగే మనిషిని ఒంటరిగా పంపలేరు. ఇంకొకమ్మాయి, పత్తి ఏరుడు మొదలైన నాటి నుంచి, నడవలేని తమ్ముడి దగ్గర ఉంటోంది. ఆ ఇంట్లో అన్న కూడా ఉన్నాడు. అన్న మాత్రం రోజూ బడికొస్తున్నాడు. ఆడపిల్ల చేస్తే సేవ, మగపిల్లాడు చేస్తే గొప్ప అనే లెక్క మన ఇళ్లలో ఇంకా పోలేదు, నా ఇంట్లోనూ పోలేదు.

బ్రిటన్‌లో ఇలాంటి పిల్లలకు 'యంగ్ కేరర్' అని పేరుంది. వాళ్లకేం అవసరమో స్థానిక అధికారులే విచారించాలని ఇంగ్లండులో 2014లో చట్టం కూడా చేశారు. మన దగ్గర ఉన్న పేరు 'బుద్ధిమంతురాలు'. ఆ మాట అనేశాక ఇంకేమీ అడగం. నేనూ అడగలేదు, కాబట్టి ఇది మీ మీద ఫిర్యాదు కాదు.

ఇంట్లో ఇలాంటి బాధ్యత ఉన్న పిల్లల సంగతి మాకు చెప్పండి. క్లాస్ టీచరుకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రార్థనలో మెచ్చుకోవడాలు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు ఉండవు. పొద్దున అరగంట ఆలస్యమైతే ఆ పిల్లలను గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఇంటి నుంచి ఫోనొస్తే ఆఫీసులో ఎత్తి, క్లాసుకు కబురు పంపుతాం. పోయిన పాఠాలకు లెక్కల సారు, సైన్స్ మేడం అన్నం గంట తర్వాత కాసేపు కూర్చుంటామన్నారు. నేను చెప్పకముందే మొదలుపెట్టారు కూడా. పదో తరగతి పిల్లలకు 75 శాతం హాజరు నిబంధన ఉంది. డాక్టరు చీటీలు ఉంటే ఇప్పుడే తెచ్చివ్వండి, ఫిబ్రవరిలో తెస్తే నా చేతిలో ఏమీ ఉండదు.

బడి చేయలేనివీ ఉన్నాయి. మంచంలో ఉన్న పెద్దమనిషిని పదమూడేళ్ల పిల్ల ఎత్తకూడదు, నడుము పోతుంది. కింద దుప్పటి పరిచి, దాన్ని పట్టుకుని ఇద్దరు కలిసి తిప్పే పద్ధతి ఉంది. ఏఎన్‌ఎంను గానీ ఫిజియోథెరపీ వాళ్లను గానీ అడిగితే చూపిస్తారు. ఇన్సులిన్ సూది పిల్లల చేత వేయిస్తుంటే, మందు కొలత మాత్రం ప్రతిసారీ పెద్దవాళ్లు చూడండి. రాత్రి తిప్పే పనిలో వారానికి రెండు రోజులు పక్కింటివాళ్లో మేనమామో వంతు పడితే, ఆ రెండు రోజులూ పిల్లవాడు నిద్రపోతాడు. పాలివాళ్ల పొలంలో నాటుకు బదులు పోతాం కదా, ఇదీ అలాంటి బదులే అనుకోండి. నడవలేని పిల్లలున్న ఇళ్లవాళ్లు మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం గురించి నన్ను అడగండి. దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు రావాల్సి ఉండీ సర్టిఫికెట్ లేక ఆగిపోయిన ఇళ్లు రెండు నాకే కనిపించాయి. కాగితాలు తెస్తే ఫారం మేమే నింపిపెడతాం.

పిల్లలకు గుండెల్లో బరువుగా ఉంటే 14416కు చేయొచ్చు. ప్రభుత్వ టెలి మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఇంట్లో పరిస్థితి చెయ్యి దాటితే 1098, అది పిల్లల సహాయ లైను. ఈ రెండు నెంబర్లూ ఆఫీసు తలుపు మీద రాయించాను. మీరు కోప్పడతారేమోనని పిల్లలు భయపడకుండా, చేయొచ్చని మీరే ఒక మాట చెప్పండి.

తల్లిదండ్రుల సమావేశం శనివారం. డయాలసిస్‌కు పోయేవాళ్లు, మంచం పక్క నుంచి కదలలేనివాళ్లు ఆ రోజు రాలేరని తెలుసు, వాళ్లింటికి నేనే వస్తాను. ఏ పూట వీలో పిల్లల చేత చీటీ పంపండి. చీటీ కోసం నోటుబుక్కులో పేజీ చింపినా ఏమీ అనను.

మీ
ప్రధానోపాధ్యాయుడు