ఆ బ్యాకప్‌ను ఒకసారి తెరిచి చూడమని కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం ఇంటి కంప్యూటర్ జాగ్రత్తల మీద మీరు వేసిన బాక్సు చదివాను. యాంటీవైరస్ గురించి బోలెడు, పాస్‌వర్డ్ గురించి బోలెడు రాసి, అడుగున ఒక్క ముక్కలో బ్యాకప్, అంటే ఫైళ్లకు విడిగా ఇంకో కాపీ, తీసుకుంటే ఇక నిశ్చింత అని ముగించారు. ఆ నిశ్చింత దగ్గరే మీతో నాకు పేచీ.

నేను తణుకులో మా ఇంటి ముందు గదిలో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు, గుడి కరపత్రాలు. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద చెయ్యి తిరిగినవాళ్లం ఇంకా కొందరం మిగిలే ఉన్నాం. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటుంది కాబట్టి దీనికి అన్నీ తెలిసే ఉంటాయని మా వీధివాళ్ల నమ్మకం. సీపీయూ సంకన పెట్టుకుని వచ్చేస్తారు. అలా వచ్చేవాళ్లలో అసలు బ్యాకప్ అన్నదే లేనివాళ్లు తక్కువ. ఉందనుకుని వచ్చినవాళ్లే ఎక్కువ ఏడుస్తారు.

మా వెనక వీధిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. మనవల ఫొటోలు, గుడి కమిటీ జమాఖర్చులు అన్నీ ఆయన కంప్యూటర్లోనే. ఒకరోజు అది ఆన్ కావడం మానేసింది. లోపల హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. మాస్టారు మాత్రం ధీమాగా, ‘ఫర్వాలేదమ్మా, E డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టా’ అన్నారు. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. నా సిస్టమ్ మీద స్టార్ట్ బటన్‌ను రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూపించాను. ‘డిస్క్ 0’ అని ఒకే అడ్డవరస, అందులోనే సీ (C), డీ (D), ఈ (E) డ్రైవులు మూడూ పక్కపక్కన. ఒకే ఇంటికి మధ్యలో గోడలు కట్టి మూడు గదులు చేసినట్టే, పునాది పోతే మూడూ పోతాయని చెప్పాను. ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి, ‘మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?’ అన్నారు. ఫొటోలు కొన్ని కొడుకు ఫోన్లోంచి వాట్సాప్ సైజులో తిరిగొచ్చాయి. జమాఖర్చులు చేతిరాత పుస్తకం చూసి మళ్లీ కొట్టుకున్నారు.

ఎవరూ చెప్పకపోవడానికి కారణముంది. మన దగ్గర కంప్యూటర్ బిగించి ఇచ్చేవాళ్లు డిస్కును ముక్కలు చేసి, ‘విండోస్ పాడైతే సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీవన్నీ డీలో పెట్టుకోండి’ అంటారు. విండోస్ పాడైనంతవరకూ అది నిజమే. డిస్కే పోతే ఆ మాట చెల్లదు. పైగా ఈ డీ అలవాటు వల్ల ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. విండోస్‌లో బ్యాకప్ తీసేందుకు ఫైల్ హిస్టరీ అని ఉంది. 2012లో విండోస్ 8తో వచ్చింది, 11లో కంట్రోల్ ప్యానెల్లో ఓ మూలకి నెట్టేశారు గానీ ఇంకా ఉంది. విడిగా ఒక డిస్కు తగిలించి ఆన్ చేస్తే గంటకోసారి మారిన ఫైళ్లను దాస్తుంది. కానీ తనంతట తాను చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే. మనవాళ్లేమో సమస్తం డీలో పెడతారు. అది రోజూ బుద్ధిగా పనిచేస్తూనే ఉంటుంది, దాయాల్సింది మాత్రం దాయదు. డీలో ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ’ అని ఏదో ఒక లైబ్రరీలో కలిపితేనే దాని కంట పడుతుంది. విండోస్ 11లో అయితే ముందు ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కాలి.

ఫైల్ హిస్టరీ దాచిన డిస్కును నేరుగా తెరిచి చూసినవాళ్లకు ఇంకో కంగారు. ప్రతి ఫైలు పేరు వెనకా తేదీ, టైమ్, చివర యూటీసీ (అంతర్జాతీయ సమయం) అని ఉంటుంది. ఆ టైమ్ మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. సాయంత్రం నాలుగున్నరకు సరిచేసిన ప్రశ్నపత్రం మీద పదకొండు గంటలని కనిపిస్తే, ‘ఇది పొద్దున్నది, నేను దిద్దింది పోయింది’ అని ఒక టీచరమ్మ నాకు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. తీరా తెరిస్తే దిద్దినదే.

ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ కథ వేరు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ అందులోకి వెళ్లడం మొదలుపెడితే, ఒక్క పెళ్లి ఫొటోలు చాలు అది నిండడానికి. నిండాక కొత్తవి పోవు. తెర మూలన గడియారం పక్కన ఉండే ఆ చిన్న మబ్బు గుర్తు మీద ఎర్రగా వచ్చినా మనం చూడం. ఇంకా ముఖ్యం, అది జోడీగా నడిచే ఏర్పాటు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. దాని రీసైకిల్ బిన్‌లో నెల రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. ఈ గొడవంతా ఎందుకని ఆ ఫోల్డర్ బ్యాకప్ ఆపేశారనుకోండి, డెస్క్‌టాప్ ఖాళీ అయిపోయి ‘వేర్ ఆర్ మై ఫైల్స్’ అని ఒక్క షార్ట్‌కట్ మిగలొచ్చు. దాన్ని చూసి గుండె ఆగినంత పనైనవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఫైళ్లు ఎక్కడికీ పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలే మరో డెస్క్‌టాప్ ఫోల్డర్ ఉంటుంది, అందులో ఉంటాయి. కంగారులో ఏదీ డిలీట్ చేయకుండా ఉంటే చాలు.

పెన్‌డ్రైవ్‌ల దగ్గరికొస్తే, 32 జీబీవి, అంతకన్నా చిన్నవి చాలావరకు ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇరవై జీబీ ఖాళీ కనిపిస్తున్నా పెళ్లి వీడియో ఎక్కదు. ‘ఫైలు మరీ పెద్దది’ అని ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్ వస్తుంది, మనవాళ్లు స్కిప్ నొక్కుతారు, మిగతావన్నీ ఎక్కేస్తాయి. ఏడాది తర్వాత చూసుకుంటే ఫొటోలన్నీ ఉంటాయి, తాళి కట్టే వీడియో ఉండదు. అందులో ఉన్నవి పక్కకు తీసి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే తీరిపోయే సమస్య. తక్కువ ధరకు 2 టీబీ అని ఆన్‌లైన్లో అమ్మే పెన్‌డ్రైవ్‌ల గురించి వేరే చెప్పక్కర్లేదు, పేరుకే రెండు, లోపల అందులో ఇరవయ్యో వంతు ఉండదు.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవాళ్లకు మరో చిన్న మాట. ఫోల్డర్లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్ అంటూ పొడుగాటి పేర్లు పెడితే కొన్ని ఫైళ్లు కాపీ కాకుండా మొరాయిస్తాయి. మొత్తం దారి పేరు 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు చేతులెత్తేస్తాయి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ని కంప్యూటర్ ఆరుగా లెక్కపెడుతుంది. అందుకని ఇంగ్లిష్ పేర్లవాళ్లకంటే మనకే ముందు తగులుతుంది ఆ హద్దు. పేర్లు కుదించి చూడండి, కాపీ అవుతుంది.

నా సొంత వృత్తి సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి. తెలుగు డీటీపీలో చాలామందిమి ఇప్పటికీ అను ఫాంట్లతోనే బతుకుతున్నాం. అవి ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ కావు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, 2004 నుంచి దాన్ని చేసినవాళ్లే అభివృద్ధి ఆపేశారు. అయినా మా దగ్గర పాతికేళ్ల సరుకు అందులోనే ఉంది. ఇలాంటి సిస్టమ్ ఫార్మాట్‌కు వెళ్తే మెకానిక్ డీలో ఉన్న పీఎండీ (పేజ్‌మేకర్) ఫైళ్లన్నీ భద్రంగా కాపీ చేసి తెస్తాడు. ఫాంట్లు సీలో విండోస్ కింద ఉంటాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు. తిరిగొచ్చాక ఫైలు తెరుస్తాం. ఫైలు తెరుచుకుంటుంది కూడా. చూస్తే శుభలేఖలో పెళ్లికూతురి పేరున్న చోట ఇంగ్లిష్ అక్షరాలూ, కొమ్ములూ, చుక్కలూ కలగాపులగం. దానికి తోడు పేజ్‌మేకర్ పెద్ద బొమ్మల్ని ఫైలు లోపల దాచదు, ఫలానా చోట ఉందని గుర్తుపెట్టుకుంటుందంతే. వినాయకుడి బొమ్మ వేరే ఫోల్డర్లో ఉండిపోతే శుభలేఖలో మసకగా ఒక నీడ మిగులుతుంది, ప్రింటుకు పనికిరాదు.

దీనికి పేజ్‌మేకర్లోనే మందుంది. సేవ్ యాజ్ నొక్కినప్పుడు వచ్చే పెట్టెలో కాపీ అనే చోట ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ ఎంచుకుంటే బొమ్మలు కూడా అదే ఫోల్డర్‌లోకి వస్తాయి. ఫాంట్ల ఇన్‌స్టాలర్‌ను, ఫాంట్ ఫైళ్లను విడిగా దాచుకోవాలి. నేను ప్రతి పనికీ పీడీఎఫ్ కూడా చేసి పెడతాను. ఫాంట్లు అందులో ఇమిడిపోతాయి కాబట్టి రేపు పేజ్‌మేకరే నడవని రోజు వచ్చినా కనీసం ప్రింటు తీసి ఇవ్వొచ్చు.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. ఇళ్లలో సిస్టమ్‌లు వరసపెట్టి 11కు మారుతున్నాయి. కొత్తగా ఎక్కించేటప్పుడు సీ, డీ లాంటి పాత పార్టిషన్లన్నీ తీసేసి మొదటినుంచీ చేసేవాళ్లున్నారు. ‘డేటా ఏమైనా ఉందా?’ అని మెకానిక్ అడుగుతాడు, ‘డీలో ఉంది’ అని మనవాళ్లు చెప్తారు, ఇద్దరూ ఎదుటివాడికి అర్థమైందనుకుంటారు.

11తో ఎక్కువైన చిక్కు తాళానిది. 2024లో వచ్చిన 24హెచ్2 అనే విండోస్ 11 వెర్షన్ నుంచి, మునుపటికంటే ఎక్కువ మెషీన్లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా విండోస్ ఎక్కిస్తే డిస్కు తనంతట తానే బిట్‌లాకర్ అనే తాళం వేసుకుంటుంది. దొంగ ఎత్తుకుపోతే ఏమీ తెరవలేడు, మంచిదే. కానీ మదర్‌బోర్డు మార్చినప్పుడో, కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే బయాస్‌ సెట్టింగుల్లో ఏదో కదిలించినప్పుడో నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. డిస్కు ఊడదీసి వేరే సిస్టమ్‌కు తగిలించినా అదే ప్రశ్న. ఆ కీ ఉండేది సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో. మా ఎదురింటి అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఆ అకౌంట్ పెట్టింది షాపులో పనిచేసే కుర్రాడు, తన మెయిల్‌తో. నీలం తెర వచ్చేసరికి అతను అక్కడ మానేసి వెళ్లిపోయాడు. ఫోన్ మీద ఫోన్ చేసి పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది, అతను మంచివాడు కాబట్టి చెప్పాడు. కొత్త సిస్టమ్ ఇంటికి రాగానే అకౌంట్ ఎవరి పేరున ఉందో చూసుకుని, బిట్‌లాకర్ కీని ప్రింటు తీసి ఆధార్ జిరాక్సులు పెట్టుకునే ఫైల్లో పెట్టండి. అదే కంప్యూటర్లో సేవ్ చేసుకున్నవాళ్లను కూడా చూశాను. వాళ్లనేమనాలో నాకు తెలియదు.

ఎక్స్‌టర్నల్ డిస్కు కనబడకపోతే ముందు సీపీయూ వెనకున్న పోర్టుకు, వేరే కేబుల్‌తో పెట్టి చూడండి. ముందు పోర్టులకు కరెంటు సరిగా అందక డిస్కు లేవనట్టు నటించడం మామూలే. టిక్కుమనే చప్పుడుంటే మాత్రం ‘రిపేర్ చెయ్యనా’ అని విండోస్ అడిగినా ఒప్పుకోకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కుతో ఆ పని చేయిస్తే మిగిలిందీ పోతుంది. దొరికినంత కాపీ చేసుకోవడమే. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చండి. ‘సైజ్ ఆన్ డిస్క్’ వేరుగా ఉంటే కంగారు పడక్కర్లేదు, అది డిస్కును బట్టి మారుతుంది. పని అయ్యాక డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లే చిక్కుకున్నాయి. అలాంటివి వస్తే తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుకూ తాళం వేసి పోతాయి.

మా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను పెట్టే పరీక్ష ఒకటే. బ్యాకప్ ఉందంటే, ఆ డిస్కు తెచ్చి నా సిస్టమ్‌కు తగిలించి, పాతదొక ఫైలు తెరిచి చూపించమంటాను. సగంమంది అక్కడే ఆగిపోతారు.

ఏటా మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినం పేరుతో పత్రికల్లో ఏదో ఒకటి వస్తుంది, మీరూ వేస్తారు. ఈసారి అందులో ఆ డిస్క్ మేనేజ్‌మెంట్ తెర బొమ్మ ఒకటి వేసి, సీ, డీ, ఈ ఒకే వరసలో ఉంటే అది బ్యాకప్ కాదని కింద రాయండి. దాచిన ఫైలును వేరే సిస్టమ్ మీద తెరవడం ఎలాగో నాలుగు లైన్లు ఇవ్వండి. చోటు చాలకపోతే యాంటీవైరస్ ముక్క తగ్గించండి, దాని గురించి మీరు ఎప్పుడూ రాస్తూనే ఉన్నారు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
తణుకు