విడుదలయ్యాక ఒక గోడ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సత్ప్రవర్తన మీద ఖైదీలను వదిలారంటే జైలు గేటు ముందు ఫొటోలు చూస్తాం, ఆ తర్వాత వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. మా బంధువుల్లో ఒకతను అలా వచ్చాడు. ఇల్లు అద్దెకివ్వరు, పెళ్లిళ్లకు పిలవరు, సరే అవన్నీ తెలిసినవే, కానీ లోపల ఏం జరిగిందని అడిగితే టీ గ్లాసు వంక చూస్తూ కూర్చుంటాడు. కౌన్సెలింగ్‌కి వెళ్దామంటే ‘నాకేమన్నా పిచ్చా’ అంటాడు.

ఇలాంటివాళ్లకు బొమ్మలు వేయడం మందు అంటే నవ్వుతారేమో. అమెరికాలో జెస్సీ క్రైమ్స్ అనే ఆయన డ్రగ్స్ కేసులో జైల్లో ఉండగా పేపర్లో ఫొటోలకు హెయిర్ జెల్ పూసి, జైలు దుప్పటి మీద బోర్లించి, ప్లాస్టిక్ చెంచాతో రుద్దీ రుద్దీ ఆ సిరాని గుడ్డ మీదికి ఎక్కించాడు. అలా మూడేళ్లలో 39 దుప్పట్లు, ఒక్కొక్కటే బయటికి పంపేసేవాడు, మొత్తం బొమ్మ ఎలా ఉందో విడుదలయ్యాక గానీ చూసుకోలేదు! రసెల్ క్రెయిగ్ అనే ఇంకొకాయన తన కోర్టు కాగితాల మీదే తన ముఖం గీసుకున్నాడు. నోటితో చెప్పలేనిది అలా బయటపడుతుంది. అక్కడ ఫిలడెల్ఫియాలో మ్యూరల్ ఆర్ట్స్ సంస్థ జైలు నుంచి వచ్చినవాళ్లకు జీతమిచ్చి మరీ గోడల మీద బొమ్మల పని నేర్పుతోంది. నాకు నచ్చింది ఆ జీతమే.

మన దగ్గర ఏమీ చేయట్లేదని కాదు. 2021లో కూల్చేసిన మా వరంగల్ సెంట్రల్ జైల్లో జంపఖానాలు నేసేవాళ్లు, తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకులు పెట్టి విడుదలైనవాళ్లకు కూడా పనిచ్చింది. కడుపు నిండింది, మంచిదే. మరి ఆ మౌనం సంగతి?

ఫ్లైఓవర్ స్తంభాలకు ఎలాగూ రంగులు వేయిస్తున్నారు కదా, అందులో కొన్నయినా వీళ్లకు ఇచ్చి, పక్కన అనుభవమున్న ఆర్టిస్టును పెట్టి, రోజు కూలి చేతికివ్వండి. బాధితుల మాటేమిటని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే, అయితే నేనడిగేది శిక్ష తగ్గించమని కాదు, శిక్ష అయిపోయిన మనిషికి పని ఇమ్మని. దయచేసి ప్రారంభోత్సవం రోజు ‘మారిన మనిషి’ అంటూ అతన్ని మైకు ముందు నిలబెట్టొద్దు. బొమ్మ కింద పేరు రాయాలో వద్దో కూడా అతన్నే అడగండి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ