ఆ ఫొటో ఒలివర్ కాన్‌ది కాదు

అయ్యా,

పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో ‘కప్పు జారవిడిచిన గోల్‌కీపర్’ అంటూ జర్మనీ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ మీద ఒక బాక్సు వేశారు. సవరణ వేస్తారేమోనని రోజూ పేపరంతా వెతికాను. రాశిఫలాల్లో దొర్లిన పొరపాటుకు క్షమాపణ వేశారు గానీ దీని ఊసే లేదు. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

ముందు ఫొటో సంగతి. అది కాన్‌ది కాదు, మరో జర్మనీ గోల్‌కీపర్ యెన్స్ లేమాన్‌ది. 2006లో సొంతగడ్డ మీద ప్రపంచకప్ జరుగుతుంటే కాన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి కోచ్ క్లిన్స్‌మన్ ఆడించింది ఈయననే. పోయిపోయి ఆ ఫొటోనే దొరికిందా మీకు? అర్జెంటీనాతో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లినప్పుడు కాన్ తానే లేమాన్ దగ్గరకు వెళ్లి, చేతిలో చెయ్యి వేసి ధైర్యం చెప్పి వచ్చాడు. ఆ ముచ్చట రాసినా ఫొటో తప్పు కప్పడిపోయేది.

జర్మనీ, బ్రెజిల్ ఆడిన 2002 ప్రపంచకప్ ఫైనల్ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మన టీవీల్లో వచ్చింది. 67వ నిమిషం దాకా ఎవరికీ గోల్ లేదు. జర్మనీ ఆటగాడు హమాన్ దగ్గర బ్రెజిల్ రొనాల్డో బంతి లాక్కున్నాడు, అతని జట్టువాడు రివాల్డో కొట్టాడు, కాన్ చేతుల్లోంచి బంతి జారింది, రొనాల్డో గోల్ చేశాడు. నిజమే, జారింది. కుడి ఉంగరపు వేలి లిగమెంట్ తెగి ఉందని తర్వాత తెలిసింది. దాన్ని సాకుగా చెప్పుకోనన్నాడాయన. అంతకుముందు ఆరు మ్యాచ్‌ల్లో జర్మనీకి పడింది ఒక్కటే గోలు, అదీ ఐర్లాండ్ మీద చివరి క్షణాల్లో. పరాగ్వేను, అమెరికాను, కొరియాను వరసగా ఒక్కో గోలుతో గట్టెక్కిన జట్టు అది. వెనక ఈయన లేకపోతే ఫైనల్ జరిగిన యొకొహామా దాకా వచ్చేదా? టోర్నీ ఉత్తమ ఆటగాడి బంగారు బంతి ఒక గోల్‌కీపర్‌కు దక్కడం అదే మొదలు.

ఏ శాఖలోనైనా ఇదే వరస. పైవాళ్లు పెట్టిన సంతకాలు ఎవరికీ కనబడవు, ఫైలు ఆఖరున ఎవరి బల్ల మీద ఉందో ఆ గుమాస్తాకు మెమో వస్తుంది. మీరూ అదే చేశారు. హమాన్ పేరు కూడా ఎత్తలేదు!

కాన్ సాధువని నేననడం లేదు. 1999లో డార్ట్‌మండ్ ఆటగాడి మీదికి గాల్లో కాలెత్తి దూకిన మనిషే. ఎదుటి జట్ల అభిమానులు ఆయన మీద అరటిపళ్లు విసిరేవారు. ఫ్రైబుర్గ్‌లో అయితే గోల్ఫ్ బంతి తగిలి తల నుంచి రక్తం కారింది. అదే మనిషి 2001లో మిలాన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో స్పెయిన్ జట్టు వాలెన్సియా మీద మూడు పెనాల్టీలు ఆపి తన క్లబ్బు బయెర్న్‌కు కప్పు తెచ్చాక, ఏడుస్తున్న ఎదుటి గోల్‌కీపర్ కనిజారెస్‌ను ఓదార్చాడు. ఇందులో ఒక్క ముక్కా మీ బాక్సులో లేదు. పక్కనే ఒక క్రికెటర్ కొత్త క్షౌరానికి మాత్రం నాలుగు కాలమ్‌లు.

అసలు నా కడుపుమంట వేరే. కాన్ బయెర్న్‌తో చివరి పర్యటనలో వీడ్కోలుగా ఆడింది మన దేశంలో, 2008 మే 27న, కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో, అక్కడి క్లబ్బు మోహన్ బగాన్ మీద. బయెర్న్ 3-0తో గెలిచింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లం నలుగురం లోకల్ రైల్లో వెళ్లాం. లక్ష మందికి పైగా జనం, ఒళ్లు ఉడికిపోయే ఉక్క. నా పక్కన మోహన్ బగాన్ జెండా భుజాన వేసుకున్న పెద్దాయన ఒకరు సొంత జట్టుకు గోల్ పడితే తల పట్టుకుని, కాన్ బంతి పట్టగానే లేచి చప్పట్లు కొట్టారు. దీన్ని మీరు ‘ఆసియా పర్యటన’ అని రెండు మాటల్లో తేల్చేశారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి భారత ఫుట్‌బాల్ జట్టును నడిపించిన కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాద్ మనిషి. ఆయన పుట్టిన గడ్డ మీద అచ్చయ్యే పేపరుకు ఫుట్‌బాల్ ఇంత పరాయిదైందేమిటి? మా కాలనీ పిల్లలు ఆడుకునే మైదానం ఇప్పుడు కార్లు నిలిపే చోటు. రెండు గోల్‌పోస్టులూ పీకేసి గోడ వారన పడేశారు. మూడు అర్జీలు పెట్టాను, మూడింటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబు.

ఆ రోజు టికెట్టు ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. కావాలంటే ఫొటో తీసి పంపిస్తాను. దాని కిందైనా సరైన పేరు వేయండి.

— ఒక పాత పాఠకుడు, ఖరగ్‌పూర్