చిన్నోడికి, కాజీపేట నుంచి అమ్మ

చిన్నా,

పచ్చడి సీసా అందిందని మీ అక్క చెప్పింది, నువ్వు చెప్పలేదు. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, మెసేజ్ పెడితే నీలం గీతలు వస్తాయి గానీ జవాబు రాదు. అందుకే పొడుగ్గా రాస్తున్నా, తీరిక చూసుకొని చదువు. పుణెలో చలి మొదలైందట, చెవులకు ఏమీ కట్టుకోకుండా బండి మీద తిరగకు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పెన్షన్ నా పేరు మీదికి మారింది, బ్యాంకు పని మీ బావ దగ్గరుండి చేయించాడు. బాపు మాసికానికి రైల్వే డీజిల్ షెడ్డు వాళ్లు చాలామంది వచ్చారు. బాపు ఉన్న టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) సికింద్రాబాద్ రైల్వే రెజిమెంటు పాతవాళ్లు కూడా వచ్చి ఫోటో ముందు నిలబడి సెల్యూట్ కొట్టారు. అందులో ఒకాయన పోతూ పోతూ "మీ అబ్బాయి కూడా టీఏ ఆఫీసర్ పరీక్షకు ఫారం నింపాడట కదమ్మా, సంతోషం" అన్నాడు. అవునన్నట్టు తలూపాను. కన్నతల్లికే తెలియదని ఆయనతో ఎట్లా అనను?

సరే, ఆ సంగతి తర్వాత. ఆ రోజు అందరూ బాపు డ్యూటీ గురించి చెప్పారు, హవల్దార్ దాకా ఎదిగాడని చెప్పారు. ఇంట్లో ఆయన ఎట్లా ఉండేవాడో చెప్పేవాళ్లు లేరు. పదకొండు నెలలు డీజిల్ షెడ్డులో ఫిట్టర్, ఒక నెల క్యాంపులో సిపాయి. క్యాంపు దగ్గర పడిందంటే సిలిండర్ బుక్ చేసేవాడు, మీ స్కూల్ ఫీజు ముందే కట్టేవాడు, ఎవరికి ఎంత బాకీ ఉందో కాగితం మీద రాసి బీరువాకు అంటించేవాడు. అక్టోబరు 9 వస్తే తెల్లారకముందే బ్రాసో పాలిష్ పట్టుకొని బెల్టు బకిల్ రుద్దుతూ కూర్చునేవాడు, 1949లో ఆ రోజునే రాజాజీ టెరిటోరియల్ ఆర్మీని ప్రారంభించాడని మీ ఇద్దరికీ ఏటా చెప్పేవాడు, మీరు దుప్పటి ముసుగులోంచి ఊ కొట్టేవాళ్లు. యుద్ధం వచ్చినా వరద వచ్చినా బండ్లు నడవాలి, దానికి రైలు పని తెలిసిన సిపాయిలు కావాలి అనేవాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వస్తే నాకూ నిజమే అనిపించేది.

మీ తాతకు మాత్రం అనిపించలేదు. ఇది నీకు సగమే తెలుసు. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైనప్పుడు తాత ముందు వరసలో ఉన్నాడు, సమ్మె నడిపిన జార్జి ఫెర్నాండెజ్ పేరు చెబితే ఆయనకు ఒళ్లు పొంగేది. ఇరవై రోజులకు సమ్మె విరమించారు, తాత ఉద్యోగం పోయింది. 1977లో ప్రభుత్వం మారాక తిరిగి తీసుకున్నారు గానీ ఆ మూడేళ్లు మీ నానమ్మ చేతి గాజులు కూడా మిగల్లేదు. సమ్మెలో బండ్లు నడపడానికి సర్కారు రైల్వే టీఏ వాళ్లను పిలిచింది. తోటి రైల్వేవాళ్లే యూనిఫాం వేసుకొని తమ ఎదురుగా బండ్లు నడిపారని తాత గుండెలో ముల్లు. అట్లాంటి ఇంట్లో కొడుకే పోయి టీఏలో చేరితే ఎట్లా ఉంటుంది? కానీ మీ బాపు చాటుగా చేరలేదు. ఫారం తెచ్చి తాత ముందు పెట్టి, "సంతకం పెట్టబోతున్నా బాపూ" అన్నాడు. తాత పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. "ఆ బట్టలు నా ఇంట్లో ఆరేయొద్దు" అన్నాడు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ యూనిఫాం సుశీల వదిన డాబా మీదే ఆరేది. ఒక క్యాంపు ముందు ఉతికి ఆరేస్తే పెద్ద వాన పట్టుకుంది, నేను మీ అక్కకు స్నానం పోస్తున్నా. తాతే గొడుగు లేకుండా పోయి పట్టుకొచ్చాడు, పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. ఆ రాత్రి మీ బాపును అడిగాడు, "రేపు మళ్లీ సమ్మె వచ్చి పిలిస్తే ఏం చేస్తవ్?" మీ బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పిలిస్తే పోవాలె బాపూ. పోతున్నా అని నీ ముఖం చూసి చెప్పే పోతా" అన్నాడు. తాతకు నచ్చలేదు, అయినా మరునాడు ట్రంకు పెట్టె ఆయనే స్టేషన్ దాకా మోశాడు.

నువ్వు నాకు చెప్పలేదు చిన్నా. పోవద్దని అనడం లేదు. బాపు పోయిన దుఃఖంలో నింపిన ఫారమా, నీకు నిజంగా ఉన్న కోరికా, అది నీ నోటితో వినాలి. బాపుకు ఒక నెలే, నీకైతే ఏడాదికి రెండు నెలలు ట్రైనింగ్ అంటే నీ కంపెనీ వాళ్లు ఒప్పుకుంటారా, ముందే రాతపూర్వకంగా అడిగావా? టీఏ పూర్తి ఉద్యోగం కాదు, దాన్ని నమ్ముకొని ఉన్న పని వదలకు. పిలుపు వచ్చి చేసిన సర్వీసు సరిపడా లేకపోతే పెన్షన్ కూడా రాదు. 2025 మేలో టీఏ 32 పదాతి బెటాలియన్లలో 14 పిలవడానికి అనుమతి ఇచ్చారని పేపర్లో చదివి మీ బాపు ఎంత ఉత్సాహపడ్డాడో చూశావు కదా, అదే వార్త ఇప్పుడు గుర్తొస్తే నాకు నిద్ర పట్టడం లేదు. టీఏ రైల్వే రెజిమెంట్లు ఆరింటిలో ఐదు తీసేస్తున్నారని, అందులో మన సికింద్రాబాద్ ఉందని 2023లో తెలిసినప్పుడు ఆయన అన్నం ముట్టలేదు. నువ్వు పోయేది ఆయన పోయిన చోటికి కాదు, వేరే యూనిట్‌కు, వేరే మనుషుల దగ్గరికి.

పెళ్లి సంగతి కూడా అత్తమ్మ అడుగుతోంది. ఆ పిల్లకు ఇది తెలుసా? తెలియకపోతే ముందు ఆమెకు చెప్పు.

బాపు టీఏ డిశ్చార్జి బుక్కు కాపీ కావాలని మీ బావను అడిగావట. అది బీరువాలో నా చీరల కింద ఉంది, పోస్టులో పంపను. వచ్చి తీసుకపో. శనివారం బండికి టికెట్ దొరికితే ఇవాళే చెప్పు, జొన్నలు పట్టించాలి. కళ్లజోడు విరిగిందన్నావు, కొత్తది చేయించుకొనే రా.

అమ్మ