యూనిఫాం ఫొటో గోడమీదే ఉంటుంది

సంపాదకుడు గారికి,

ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడితే మీ పేపర్లో సైనికుల కుటుంబాల మీద ప్రత్యేక పేజీ వస్తుంది. నేను శ్రద్ధగా చదువుతాను. మా ఇల్లు లాంటి ఇల్లు మాత్రం అందులో ఎప్పుడూ కనబడలేదు. మా తమ్ముడు సైన్యంలో వైర్‌లెస్, ఫోన్ లైన్లు చూసే సిగ్నల్స్‌లో హవల్దారు. పదిహేడేళ్ళ సర్వీసు. ఆత్మహత్య చేసుకుని చనిపోయాడు. దాచి రాయడం నాకు ఇష్టం లేదు కాబట్టి ముందే చెబుతున్నాను.

2023 అక్టోబరులో ఒక జవాను మరణం మీద వివాదం లేచినప్పుడు సైన్యం ఒక వివరణ ఇచ్చింది. తమకు తాము గాయం చేసుకుని చనిపోయినవారికి సైనిక లాంఛనాలు ఉండవనీ, 1967 నాటి ఆర్మీ ఉత్తర్వు ప్రకారం ఈ నియమం అందరికీ ఒకటేననీ అందులో ఉంది. 2001 నుంచి ఏటా సగటున 100 నుంచి 140 మంది సైనికులు ఇలా చనిపోతున్నారన్న మాట కూడా అందులోనే ఉంది. చర్చంతా లాంఛనాల చుట్టూనే తిరిగింది, ఆ అంకె గురించి మాట్లాడినవాళ్ళు నాకు కనబడలేదు. ఏటా నూరు ఇళ్ళకు తక్కువ కాకుండా మాలాంటివే అన్నమాట.

నియమం మార్చమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. (మార్చాలనే నా అభిప్రాయం, అది వేరే సంగతి.) మా తమ్ముడికి బ్యూగిల్ మోగలేదు, తుపాకులు పేలలేదు. వెంట వచ్చిన తోటి జవాన్లలో ఒకాయన మా అమ్మ పక్కన కూర్చుని, వచ్చీరాని తెలుగులో, "వైర్‌లెస్ సెట్టు పాడైతే ముందు మీవాడినే పిలిచేవాళ్ళం అమ్మా" అన్నాడు. మంచులో బ్యాటరీలు చల్లబడి పనిచేయకపోతే కోటు లోపల పెట్టుకుని వెచ్చబెట్టి లైన్ నిలబెట్టేవాడట. లీవులో వచ్చినప్పుడు కొడుకు పేరును టెలిగ్రాఫ్ చుక్కలు, గీతల సంకేత భాష మోర్స్‌లో బల్లమీద కొట్టి చూపించేవాడు, పిల్లాడు చటుక్కున నేర్చేసుకున్నాడు. వాడి గురించి రాయాలంటే ఇలాంటివి ఎన్నో.

పేపర్లో వచ్చింది వేరు. ఏ పేపరో చెప్పను, మీది కాదు. "కుటుంబ కలహాలే కారణమా?" అని హెడ్డింగు. అప్పటికి ఎంక్వయిరీ మొదలే కాలేదు. మా మరదలిని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. చివర ప్రశ్నార్థకం పెట్టేస్తే ఇక తమ బాధ్యత ఏమీ లేదనుకుంటారేమో! ఆ కటింగు వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆమె పుట్టింటికీ, పిల్లాడి స్కూలుకీ చేరింది. తర్వాత విచారణలో అలాంటిదేమీ తేలలేదు. అది ఎవరికీ వార్త కాలేదు.

ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సంచలన హెడ్డింగులు వద్దు, ఎలా చనిపోయారో వివరించొద్దు, చోటు వివరాలు వద్దు అని అందులో ఉంది. ఇలాంటి మరణానికి ఒకే ఒక్క కారణం ఉండడం చాలా అరుదని డాక్టర్లూ చెబుతారు. ఒక్క లైనులో కారణం తేల్చేస్తే ఆ భారమంతా ఇంట్లో ఉన్నవాళ్ళ మీద, ముఖ్యంగా భార్య మీద పడుతుంది.

బంధువుల్లో ఒక పెద్దాయన యూనిఫాం ఫొటో తీసేసి మామూలు ఫొటో పెట్టమన్నారు. మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. "పదిహేడేళ్ళు వేసుకున్న బట్టలు ఒక్కరోజు కోసం విప్పించమంటావా?" అని అడిగింది. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కెనడాలో ఏటా నవంబరు 11న ఒట్టావాలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులందరి తరఫున ఒక తల్లి పుష్పగుచ్ఛం ఉంచుతుంది. 2018లో ఆ గౌరవం దక్కిన తల్లి కొడుకు అఫ్గానిస్తాన్‌లో పనిచేసి వచ్చి, 2004లో ఆత్మహత్య చేసుకున్న సైనికుడు. అమెరికాలో యుద్ధక్షేత్రంలో ఆత్మహత్య చేసుకున్న సైనికుల కుటుంబాలకు అధ్యక్షుడి సంతాప లేఖ పంపే ఆనవాయితీ ఉండేది కాదు. 2011లో ఒబామా దాన్ని మార్చారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. వచ్చే ఆగస్టు 15 పేజీలో ఇలాంటి ఒక కుటుంబాన్ని, వాళ్ళు ఒప్పుకుంటేనే, కలిసి రాయండి. ఎలా పోయాడన్నది ఒక్క వాక్యం చాలు, మిగతా పేజీ ఆ మనిషి చేసిన పనికి ఇవ్వండి.

ఇంకొకటి. డాక్టరు దగ్గరికి వెళితే మెడికల్ కేటగిరీ (డ్యూటీకి ఎంత ఫిట్ అన్న గ్రేడు) తగ్గిస్తారేమోనని జవాన్లు భయపడతారు. లీవులో వచ్చిన మనిషి "నేను లేకపోయినా మీరు బాగానే ఉంటారు" లాంటి మాట అంటే, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైనికులు, వాళ్ళ కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు.

మరదలు వద్దంది కాబట్టి పేర్లు రాయలేదు. నా పేరూ వేయకండి. ఉత్తరం పొడుగైందని కత్తిరించాల్సి వస్తే కెనడా సంగతి తీసేయండి, నంబరు మాత్రం ఉంచండి.

ఒక హవల్దారు అక్క