పాత కార్డుల వెనకవైపు కూడా చూపించండి

సంపాదకులకు,

పాత పోస్టుకార్డులు ప్రదర్శించేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ ఒక విన్నపం. బొమ్మ వైపు మాత్రమే చూపించి, రాత ఉన్న వైపును అట్టకి అంటించేయకండి. ఆ కార్డు ఎవరిదో తెలిసేది ఆ వైపు నుంచే. బ్రిటన్‌లో 1902 నుంచి అడ్రసు పక్కనే కబురు కూడా రాయనిచ్చారు. ఆ తర్వాతి బొమ్మ కార్డుల్లో అడ్రసు, కబురు, పోస్టు ముద్ర చాలావరకు ఒకే వైపు ఉంటాయి.

నా దగ్గర 1910లో ఇంగ్లండులో పోస్టు చేసిన కార్డు ఒకటుంది. ఒక అమ్మాయి ఇంటిపేరు, ఇంటి నంబరు, వీధి ఉన్నాయి. కింద 'నాన్న' అని, అంతే. ముందు ఇంటిపేరుతో వెతికి రెండు నెలలు పోగొట్టుకున్నాను. తర్వాత ఇంటి నంబరు పట్టుకుని 1911 జనాభా లెక్కలు చూశాను. ఆ ఇంటివాళ్ళ ఇంటిపేరు వేరే. చివరి వరుసలో ఈ అమ్మాయి ఉంది: పంతొమ్మిదేళ్ళు, పనిమనిషి. పక్కనే పుట్టిన ఊరు.

ఆ ఊళ్ళో అదే ఇంటిపేరున్న ఇళ్ళు మూడు. ఇంగ్లండులో 1911 లెక్కలకి ఇంటి యజమానులు స్వయంగా నింపిన ఫారాలనే దాచిపెట్టారు. మూడో ఇంటి ఫారం తెరిచేసరికి అదే చేతిరాత! 'టీ' అక్షరం అడ్డగీతను పక్క అక్షరం మీద దాకా లాగడం కూడా అలాగే ఉంది. కార్డు పక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో. రాత కలిస్తే చాలదని 1901 లెక్కలూ చూశాను. ఆ ఇంట్లోనే తొమ్మిదేళ్ళ పిల్లగా ఆమె పేరు ఉంది.

ఇంకో కార్డు విషయంలో ఇంత అదృష్టం లేదు. ఆల్బమ్‌కి అంటించినదాన్ని నీళ్ళలో నానబెట్టి తీశాను. జిగురుతో పాటు సిరా కూడా పోయింది. సగం ఇంటిపేరు మిగిలింది. స్టాంపు కోసం మూల చింపడమూ ఇలాంటి నష్టమే. చాలామంది 'మంగళవారం' అని మాత్రమే రాసేవారు, సంవత్సరం తెలిసేది ముద్ర వల్లే. 1930ల కార్డులైతే మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంగ్లండు 1931 లెక్కల పత్రాలు 1942లో కాలిపోయాయి, 1941లో లెక్కలే తీయలేదు.

దయచేసి రెండు వైపులా ఫొటో తీయండి. ఆ అమ్మాయి 1921 లెక్కల్లో పుట్టింటి ఇంటిపేరుతో లేదు, పెళ్ళి రికార్డుల్లో వెతుకుతున్నాను. నాన్నకి ఆమె రాసిన జవాబు ఎవరి ఆల్బమ్‌లోనో బొమ్మ పైకి వచ్చేలా అంటించి ఉందేమో.

– ఒక పాఠకురాలు