పగడాల గురించి కేంద్ర పర్యావరణ మంత్రిగారికి హన్మకొండ నుంచి

మంత్రిగారికి నమస్కారం.

మాకు సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అయినా 2025 అక్టోబరు చివర మొంథా తుపాను కోనసీమ వైపు తీరం దాటితే, మరునాటికి హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. బురద కడుగుతుంటే బీరువా కింది అరలో అమ్మమ్మ పగడాల దండ దొరికింది. దారం చీకిపోయింది గానీ పగడాలు ఎర్రగానే ఉన్నాయి.

సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు వేరు జాతి ప్రాణులు. వాటి రంగు చాలావరకు ఒంట్లో కాపురముండే సన్నటి నాచుది. వాటికి తిండి పెట్టేదీ ఆ నాచే. నీళ్లు మామూలు ఎండాకాలం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, వారాల తరబడి అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. వేడి త్వరగా దిగితే కోలుకుంటుంది, లేదంటే ఆకలితో చస్తుంది. చచ్చిన దిబ్బ గుల్లబారి తుపాను అలలకు విరిగిపోతుంది.

లక్షద్వీప్‌లో 1998లో ఇదే జరిగింది. పన్నెండేళ్లకు 2010లో మళ్లీ, ఆరేళ్లకే 2016లో ఇంకోసారి. మరుసటేడే ఓఖి తుపాను. 2024లో మళ్లీ తెల్లబడ్డాయి. అగట్టి, కద్మత్, కవరత్తి దగ్గర 1998 నాటి సజీవ పగడంలో 2022కి దాదాపు సగమే మిగిలింది. ఆ దీవులు నిలబడిందే పగడం మీద.

సముద్రపు వేడిని మీ ఒక్క సంతకం ఆపలేదని నాకూ తెలుసు. కానీ అండమాన్ నికోబార్ దీవుల్లోని గ్రేట్ నికోబార్‌లో గలాథియా బే ఓడరేవుకు 2022లో అనుమతిచ్చింది మీ శాఖే. దాని కోసం 16,150 పగడపు గుంపులను పెకలించి వేరేచోట నాటుతారట. మాది వరి నాట్లు వేసే ప్రాంతం సార్. ఎండకు వాడిన నారు పీకి నాటితే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

ముందు కొన్ని వందలే నాటించండి. రెండు ఎండాకాలాలు ఆగండి. ఎన్ని బతికాయో జనానికి చెప్పండి. అప్పటిదాకా అక్కడ డ్రెడ్జింగ్, అంటే సముద్రం అడుగు తవ్వడం, మొదలుపెట్టనివ్వకండి.

1972 వన్యప్రాణి చట్టంలో పులి, పగడం రెండూ అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. మా ఏటూరునాగారం అడవిలో పులి అడుగులు కనబడితే మీ అధికారులు కొలతలు తీస్తారు, కెమెరాలు పెడతారు. గలాథియాలో పగడాలకూ ఆపాటి పట్టింపు చూపమని అడుగుతున్నాను.

ఇట్లు,
హన్మకొండ నివాసి